మళ్ళీ వచ్చిన హారన్

కంగారమ్మకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. డాక్టర్లు ఏమీ లేదని పంపించేసిన గడ్డలోనే ఏదో ఉండి, అది బయటపడేసరికి చెయ్యి దాటిపోయి, తన కూతురు నాన్నను ఫొటోలో చూసి గుర్తుపట్టాల్సి రావడం.

కంగారమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. అత్తగారు పెట్టిన పేరు. పెట్టడానికి కారణాలూ లేకపోలేదు. ఒకసారి పిల్ల చొక్కా గుండీ మింగేసిందని చెప్పులు కూడా వేసుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తింది. అక్కడ ఎక్స్‌రే తీసి లోపల ఏమీ లేదన్నారు. ఇంటికొచ్చాక గుండీ మంచం కోడు పక్కన నిక్షేపంగా దొరికింది. ఇంకోసారి పిల్ల పెదాలు నల్లబడ్డాయని గుండెలు బాదుకుంది. తడిగుడ్డతో తుడిస్తే పెన్ను సిరా. ఆ రెండు కథలూ అత్తగారు వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళతో పాటు అందించేది.

ఆమె తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసింది. బోర్డులు చదువుకోగలదు, మందుల డబ్బా మీద తేదీ చూసుకోగలదు. కానీ తెల్లకోటు వేసుకున్నవాళ్ళ ముందు కూర్చుంటే మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూలబడిపోయేది. ఇంటికొచ్చాక వంటగదిలో నిలబడి అడగాల్సినవన్నీ గోడను అడిగేది.

భర్త వ్యాన్ డ్రైవరు. గోడౌన్ నుంచి సబ్బులూ నూనె ప్యాకెట్లూ కొట్లకు వేసి వస్తాడు. మాటకారి, నవ్వించే మనిషి. ఆయన మెడకు ఎడమవైపు, చెవికి కాస్త కిందుగా, గోళీకాయంత గడ్డ ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలీదు. నొప్పి లేదు, జ్వరం లేదు. దాన్ని కనిపెట్టింది పిల్లే. ఒడిలో కూర్చుని మెడ తడుముతూ దాన్ని నొక్కింది. ఆయన "పాం" అన్నాడు. ఇక చూడండి, అదొక ఆట అయిపోయింది. మెల్లగా నొక్కితే స్కూటర్, గట్టిగా నొక్కితే లారీ. అన్నం తినాలన్నా హారన్, నిద్రపోవాలన్నా హారన్.

కంగారమ్మకు మాత్రం ఆ పాం పాం వినబడినప్పుడల్లా పిల్ల చెయ్యి అక్కణ్ణుంచి తీసేయాలనిపించేది.

వెంటపడి వెంటపడి వీధి చివరి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. ఆయన మాత్రలిచ్చాడు. కోర్సు పూర్తయినా గడ్డ కదల్లేదు. అప్పుడు సూది పరీక్షకు రాశాడు. ల్యాబులో పరదా వెనక సన్నటి బల్ల మీద పడుకోబెట్టి, అక్కడి డాక్టరు గడ్డను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని సూది గుచ్చాడు. పిల్లను చంకలో వేసుకుని ఆమె పక్కనే నిలబడింది. సిరంజిలోకి డికాషన్ రంగు నీళ్ళు వచ్చాయి. వస్తూనే ఉన్నాయి. వాటితో పాటే గడ్డ కళ్ళ ముందే గాలి తీసిన బంతిలా అణిగిపోయింది. ఆ నీళ్ళను గాజుపలకల మీద పూసి పరీక్షకు పంపించారు.

భర్త మెడ తడుముకుని, "ఓసి, నా హారన్ పీకేశారే" అన్నాడు. ల్యాబు డాక్టరు కూడా నవ్వాడు.

రిపోర్టు వచ్చాక వీధి చివరి డాక్టరు మూడు మాటలు చెప్పాడు. క్యాన్సర్ కణాలేమీ కనబడలేదు. నీటి సంచి లాంటిదై ఉంటుంది. మళ్ళీ వస్తే మాత్రం చూపించుకోండి. భర్త మొదటి రెండు మాటలూ భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు. మూడోదాన్ని డాక్టరు బల్ల మీదే వదిలేసి వచ్చాడు.

ఇంట్లో ఆ రోజు పండగే. అత్తగారు వాకిట్లోకి వెళ్ళి పక్కింటావిడకు వినబడేట్టు, "మా కంగారమ్మ ఖాతాలో ఇంకో గుండీ పడింది" అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నిజానికి ఆ రాత్రి చాలా కాలానికి ఒళ్ళెరగని నిద్ర పోయింది.

కొన్ని వారాలు అలాగే సుఖంగా గడిచాయి.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం భర్త చాప మీద వాలి ఫోను చూసుకుంటున్నాడు. పిల్ల ఆయన మీదెక్కి మెడ చుట్టూ చేతులేసింది. కంగారమ్మ బట్టలు మడతపెడుతోంది.

"అమ్మా, హారన్ వచ్చింది" అంది పిల్ల.

చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. "ఏదీ" అంది.

"ఏం లేదు, ఉత్తుత్తినే అంటోంది" అని భర్త పక్కకు తిరిగిపోయాడు. తిరిగిన తీరు చూస్తేనే ఆమెకు అర్థమైంది. ఆయనకు ముందే తెలుసు.

"ఒక్కసారి చూపించండి."

"చూపిస్తే ఏం చేస్తావు, కొనుక్కుంటావా?"

ఆమె నవ్వలేదు. పక్కన కూర్చుని తనే వేళ్ళు పెట్టింది. ఇదివరకు గోళీకాయ, ఇప్పుడు నిమ్మకాయ. ఒకవైపు మెత్తగా నీళ్ళ సంచిలా ఉంది. వెనకవైపు మాత్రం ఏదో గట్టిగా తగిలింది, తడిగుడ్డలో మూటగట్టిన రాయిలా. ఆ గట్టిదనం ఇదివరకు ఉందో లేదో ఆమెకు గుర్తు రాలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"ఎప్పటి నుంచి?"

"ఏమో. గడ్డం గీసుకుంటుంటే తగిలింది. నీళ్ళే కదే, మళ్ళీ ఊరుంటాయి. పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. ఇంకా ఎన్నిసార్లు గుచ్చించుకోమంటావు?"

అత్తగారు లోపల్నుంచే అందుకుంది. "వాడి మెడేమన్నా గుండుసూదులు గుచ్చే దిండా అమ్మాయ్, పొడిపించడానికి? ఊరికే కెలికితే లేని జబ్బు పుట్టుకొస్తుంది. ఏమీ లేదని డాక్టరే చెప్పాక నీ గోలేంటి?"

"మళ్ళీ వస్తే రమ్మని కూడా చెప్పాడు అత్తయ్యా."

"అలా అందరికీ చెప్తారు."

ఆ తర్వాత రోజులు చాలా చెడ్డగా గడిచాయి. అడిగితే ఆయనకు కోపం, అడక్కపోతే ఆమెకు ఊపిరాడదు. గిన్నె తోముతూ అదే ఆలోచన, పిల్లకు జడ వేస్తూ అదే ఆలోచన. అన్నిటికన్నా పీడించింది ఇంకోటి. ఇది నిజం భయమా, గుండీ భయమా? రెండూ లోపల ఒక్కలాగే ఉంటాయి. గుండీ మింగలేదని తేలిన రోజు కూడా తనకు ఇంత గట్టిగానే అనిపించింది కదా. మరి ఇప్పుడు తనను తాను ఎలా నమ్మడం?

చివరికి అంట్లు కడుగుతుంటే ఆమెకు ఒక మాట తోచింది. గుండీ అప్పుడు ఎవరికీ కనబడలేదు, తను ఊహించుకుంది. ఈ గడ్డ వేలికి తగులుతోంది. పిల్ల వేలికి కూడా తగిలింది. ఇందులో తను ఊహించుకున్నది ఏమీ లేదు.

మర్నాడు పొద్దున భర్త గోడౌన్‌కు వెళ్ళి సరుకు ఎక్కించుకుంటుంటే, ఆమె పిల్లను ఎత్తుకుని వెళ్ళి వ్యాన్ ముందు సీట్లో కూర్చుంది. తలుపు వేసేసుకుంది.

డ్రైవర్లంతా చుట్టూ చేరారు. వాళ్ళలో పెద్దవాడు మఫ్లర్ అన్న. మండే ఎండల్లో కూడా మెడకు మఫ్లర్ చుట్టుకునే తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. "జలుబు చేస్తుందిరా" అనేవాడు ఎవరడిగినా. కిటికీ దగ్గరకు వచ్చి తొంగిచూశాడు.

"ఏం చెల్లెమ్మా, లైసెన్సు వచ్చిందా?"

"లేదన్నా. ఇవాళ లోడు నేనే. పెద్దాసుపత్రి దగ్గర దింపాలి."

"అయితే నిన్ను పైన కట్టాలే. పెళుసు సరుకు, విరిగిపోతావు."

అందరూ నవ్వారు. భర్త ముఖం ఎర్రబడింది. "దిగు. నలుగురిలో పరువు తీయకు" అన్నాడు పళ్ళ బిగువున.

"దిగను. మీరు రండి, లేదా నన్ను ఎక్కించుకునే అన్ని కొట్లూ తిరగండి. ప్రతి కొట్టు దగ్గరా దిగి మీ మెడ చూపిస్తా."

ఆమె పిల్లను ఒళ్ళో ఇంకా గట్టిగా పట్టుకుంది. పెళ్ళయ్యాక ఆయనకు ఇంత ఎదురు ఎప్పుడూ చెప్పలేదు.

మఫ్లర్ అన్నే కలగజేసుకున్నాడు. "పోయి రారా. నీ కొట్లు నేను చూసుకుంటాలే." అంటూ ఎందుకో తన మఫ్లర్ సర్దుకున్నాడు. అప్పుడు ఆమె అదేమీ పట్టించుకునే స్థితిలో లేదు.

పెద్దాసుపత్రిలో మెడా గొంతూ చూసే డాక్టరమ్మ నెరిసిన జుట్టావిడ. గడ్డ మీద వేళ్ళుంచింది. రెండో వైపు చూసింది. నోరు తెరిపించి లైటు వేసి గొంతు లోపలికి చూసింది. తర్వాత వెనక నిలబడి గొంతు ముందు భాగం పట్టుకుని, "మింగండి" అంది. "ఇంకోసారి."

"ఏమీ లేదండీ" అన్నాడు భర్త. "పరీక్ష అయిపోయింది. మా ఆవిడకు కొంచెం కంగారెక్కువ."

డాక్టరమ్మ కంగారమ్మ వైపు తిరిగింది. "సూది గుచ్చినప్పుడు మీరు పక్కనే ఉన్నారా? ఏం వచ్చింది?"

మాట ఎప్పట్లాగే గొంతులో కూలబడబోయింది. ఆమె దాన్ని బయటకు తోసింది. "డికాషన్ లాంటి నీళ్ళండి. నీళ్ళే. తీశాక గడ్డ అణిగిపోయింది. ఇప్పుడు మళ్ళీ వచ్చింది, ముందుకన్నా పెద్దది. వెనక గట్టిగా ఉంది. పాప కనిపెట్టింది."

"పాపా?"

"నొక్కితే వాళ్ళ నాన్న హారన్ కొడతారండి."

డాక్టరమ్మ పిల్ల వైపు చూసి తలూపింది. ఆ తర్వాత భర్తతో నింపాదిగా చెప్పింది. "చూడండి, నీళ్ళ తొట్టి ఉంది. పైన ఒక చెంబు ముంచి చూస్తే నీళ్ళే కనబడతాయి. తొట్టి గోడకు పాచి పట్టిందో లేదో చెంబుకు తెలీదు. మీకు అప్పుడు తీసింది ఆ చెంబుడు నీళ్ళు. ల్యాబు వాళ్ళు వచ్చినదాన్ని సరిగ్గానే చూశారు. వచ్చిందే చాలలేదు. అందులో ఏమీ కనబడలేదంటే గడ్డలో ఏమీ లేదని కాదు. పెద్దవాళ్ళ మెడలో నీటి గడ్డ, అదీ ఖాళీ చేశాక మళ్ళీ నిండింది. ఆ రిపోర్టును నమ్ముకుని కూర్చోవడానికి వీల్లేదు. ఈసారి స్కాన్‌లో చూస్తూ గడ్డ గోడలోంచే కాస్త తీద్దాం."

భర్త జోకులు మానేసి మెడ తడుముకున్నాడు. అది చూసి ఆమెకు ఇంకా భయమేసింది.

స్కానింగు గది చీకటిగా, చల్లగా ఉంది. పిల్ల భుజం మీద నిద్రపోయింది. స్కాన్ డాక్టరు మెడకు చల్లటి జెల్ రాసి యంత్రం ఆనించాడు. తెర మీద నల్లటి సంచి కనబడింది. నలుపంతా నీళ్ళట. సంచి గోడకు ఒకచోట బూడిదరంగు బుడిపె అతుక్కుని ఉంది. అందులో ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఆయన దాన్ని కొలిచాడు. తర్వాత యంత్రాన్ని గొంతు ముందుకు జరిపి, అక్కడ ఆపేశాడు. చాలాసేపు ఆపేశాడు. అక్కడ కూడా ఏదో కొలిచి రాసుకున్నాడు.

అదేమిటని ఆమె అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని.

సూది తెర మీద తెల్లగీతలా దిగింది. నల్లటి నీళ్ళను దాటి బుడిపెలోకి వెళ్ళింది. తీసినదాన్ని పక్కబల్ల దగ్గర మైక్రోస్కోపుతో కూర్చున్నావిడ అక్కడికక్కడే రంగులో ముంచి చూసింది. గది గదంతా ఆవిడ వీపు వైపే చూసింది.

"చాల్లేదు. అంతా రక్తమే. ఇంకోటి కావాలి."

మళ్ళీ సూది. భర్త కళ్ళు మూసుకుని బల్ల అంచు పట్టుకున్నాడు. ఆమె ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చెయ్యి ఆయన పాదం మీద వేసింది. అందింది అదే.

"ఇవి పనికొస్తాయి" అంది మైక్రోస్కోపావిడ. ఏమున్నాయో చెప్పలేదు.

సూదిని ఒక చిన్న సీసాలో జాడించి మూత పెడుతుంటే కంగారమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "అదెందుకండీ?"

"గొంతు ముందుండే థైరాయిడ్ గ్రంథిలో మాత్రమే తయారయ్యే సరుకు ఒకటుంది" అన్నాడు స్కాన్ డాక్టరు. "అది మెడ పక్కన ఈ గడ్డలో ఉండకూడదు. ఉంటే, గ్రంథిలోంచి జబ్బు ఇక్కడికి పాకినట్టు. కణాలు మోసం చేసినా ఇది పట్టిస్తుంది."

ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరూ హారన్ మాట ఎత్తలేదు. పిల్ల మెడ మీద చెయ్యి వేయబోతే ఆయనే ఆ చేతిని తీసి ముద్దు పెట్టుకునేవాడు. అత్తగారు వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు మాత్రమే ఇచ్చేది.

డాక్టరమ్మ కూర్చోమని, చుట్టూ తిప్పకుండా చెప్పింది. "థైరాయిడ్ క్యాన్సర్. మొదలైంది గొంతు ముందున్న గ్రంథిలో. అక్కడ చిన్నదే, బయటికి తెలియదు. అక్కణ్ణుంచి మెడలోకి పాకింది. మీరు చూసిన గడ్డ అదే."

గడ్డ కనబడ్డ రోజు నుంచీ కంగారమ్మ భయపడుతూ వచ్చిన మాట అది. వింటే తను పడిపోతుందనుకునేది. పడిపోలేదు. కుర్చీ కింద నేల ఉన్నచోటే ఉంది. "తర్వాత ఏం చేయాలండీ?" అని అడిగింది. ఆ అడిగింది తనేనని కాసేపటికి గానీ ఆమెకు తెలియలేదు.

"ఆపరేషన్ చేసి గ్రంథీ, పాకిన గడ్డలూ తీసేస్తాం. తర్వాత అయోడిన్ మందు. రోజూ మాత్ర వేసుకోవాలి, జీవితాంతం. ఇది లొంగే రకం. చాలామంది మామూలుగా బతుకుతున్నారు. కానీ నిండినప్పుడల్లా నీళ్ళు తీయించుకుంటూ మీరింకా ఆలస్యం చేసుంటే, ఈ మాట నేనింత ధైర్యంగా చెప్పేదాన్ని కాదు."

భర్త, "బండి నడపొచ్చా?" అన్నాడు.

"నడపొచ్చు. ముందు ఆవిణ్ణి దింపాల్సిన చోట దింపండి" అంది డాక్టరమ్మ. వ్యాన్ కథ ఆవిడ దాకా ఎలా చేరిందో తెలీదు.

ఇంటికొచ్చి చెప్పాక అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు గోడవైపు తిరిగి కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు లేచి కోడలి దగ్గరకు వచ్చింది. "అమ్మాయ్" అంది. "ఆ గుండీ కూడా మింగే ఉంటుందేమో. ఇంకోసారి చూపించి రాకపోయావా."

ఇద్దరూ నవ్వబోయి ఏడ్చారు.

ఆపరేషన్ అయింది. గొంతు కింద ఈ చివర్నుంచి ఆ చివరికి గీత పడింది. అయోడిన్ మందు తాగాక కొద్ది రోజులు పిల్లకు దూరంగా ఉండాలన్నారు, ఒంట్లో ఆ మందు రేడియేషన్ తగ్గేదాకా. ఆయన లోపలి గదిలో, పిల్ల బయట. పిల్ల తలుపు చెక్కను నొక్కేది. లోపల్నుంచి బొంగురు గొంతుతో "పాం" అని వినబడేది. గట్టిగా నొక్కితే లారీ. కంగారమ్మ ఇవతల నిలబడి వినేది. ఇప్పుడు పిల్ల చెయ్యి తీసేయాలనిపించడం లేదు.

ఆయన తిరిగి బయటికొచ్చాక మఫ్లర్ అన్న చూడటానికి వచ్చాడు. గీత చూసి, "మంచి రోడ్డే వేశార్రా" అన్నాడు. తను మాత్రం నవ్వలేదు. వెళ్ళబోతూ వాకిట్లో ఆగి, మఫ్లర్ రెండు చుట్లు విప్పి ఆమెకు చూపించాడు. దవడ కింద, చెవి పక్కన, నిమ్మకాయ కన్నా పెద్ద గడ్డ.

"నాక్కూడా అప్పుడెప్పుడో సూది వేశారు చెల్లెమ్మా. ఏమీ లేదన్నారు."

"నీళ్ళు తీశారా అన్నా? తీశాక తగ్గిందా?"

"తగ్గింది. మళ్ళీ వచ్చింది. ఏమీ లేదన్నారుగా అని ఊరుకున్నా."

ఆమె చేతులు జోడించింది. రేపే రమ్మంది, తనే తీసుకెళ్తానంది. అలాగే అన్నాడు. మఫ్లర్ మళ్ళీ చుట్టుకున్నాడు. మర్నాడు రాలేదు. గోడౌన్‌లో అడిగితే పని మానేసి వేరే ఊళ్ళో ఏదో కంపెనీ వ్యాన్‌కు కుదిరాడన్నారు. ఏ ఊరో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఫోను మోగుతుంది, ఎవరూ ఎత్తరు. కంగారమ్మ ఇప్పటికీ పిల్ల నిద్రపోయాక ఒకసారి చేసి చూస్తుంది.

మఫ్లర్ అన్న ఇప్పుడు మీ వీధికే సరుకు వేస్తున్నాడేమో. పొడుగు మనిషి, జోకులేస్తాడు, ఎంత ఎండలోనైనా మెడకు మఫ్లర్ ఉంటుంది. కనబడితే ఒక్క నిమిషం ఆపి, ఆ మఫ్లర్ విప్పమనండి. జలుబంటాడు, నమ్మకండి. గడ్డ ఇంకా ఉందా అని అడగండి, ఉంటే మళ్ళీ చూపించుకునేదాకా వదలకండి. కావాలంటే వెళ్ళి బండి ముందు సీట్లో కూర్చోండి.